దొడ్డిదారిన కంప్యూటర్లోకి.. డిలీట్ కొట్టినా పోని బ్యాక్‌డోర్ మాల్వేర్! హైదరాబాద్ బ్యాంక్ కేసు చెప్పే పాఠం ఇదే

స్క్రీన్ మీద హెచ్చరిక రాదు. ఫైళ్లు మాయం కావు. డబ్బులు కట్టమని ఎవరూ బెదిరించరు. కంప్యూటర్ ఎప్పటిలాగే పనిచేస్తుంటుంది. కానీ మీరు కొట్టే ప్రతి అక్షరం ఎక్కడో కూర్చున్న మరొకరికి కనిపిస్తుంటుంది. బ్యాక్‌డోర్ మాల్వేర్ పనితీరు ఇదే. హైదరాబాద్‌లో ఒక సహకార బ్యాంకు నుంచి 12 కోట్లకు పైగా కొట్టేసింది ఈ దారిలోనే. అసలు ఇది లోపలికి ఎలా వస్తుంది? వచ్చిందని ఎలా తెలుసుకోవాలి? పూర్తిగా వదిలించుకోవాలంటే ఏం చేయాలి?

రెండు మెయిళ్లు.. రెండు నెలలు.. 12 కోట్లు

2022 జనవరిలో ఓ వారాంతం. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంక్ సర్వర్ల నుంచి 12.48 కోట్ల రూపాయలు బయటికి వెళ్లిపోయాయి. తుపాకీ లేదు, తాళం పగలగొట్టింది లేదు. ముందు 115 ఖాతాల్లోకి, అక్కడి నుంచి దేశవ్యాప్తంగా 398 ఖాతాల్లోకి డబ్బు చేరింది. ఆ తర్వాత 938 ఏటీఎంల నుంచి విత్‌డ్రా అయింది. ఈ లెక్కలన్నీ దర్యాప్తు తర్వాత హైదరాబాద్ పోలీసులు బయటపెట్టినవే.

డబ్బు పోయింది జనవరిలో. దొంగతనం మొదలైంది మాత్రం అంతకు రెండు నెలల ముందు, 2021 నవంబర్‌లో. బ్యాంకు ఉద్యోగులకు దాదాపు 200 ఫిషింగ్ మెయిళ్లు వెళ్లాయి. చూడటానికి మామూలు ఆఫీసు మెయిళ్లలాగే ఉన్నాయి. వాటిలో ఇద్దరు ఉద్యోగులు క్లిక్ చేశారు. అంతే.. రిమోట్ యాక్సెస్ ట్రోజన్ అనే ప్రోగ్రామ్ వాళ్ల కంప్యూటర్లలో కూర్చుంది. సైబర్ నిపుణులు దీన్ని పొట్టిగా ‘ర్యాట్’ అంటారు. బ్యాక్‌డోర్ మాల్వేర్‌లో అందరికీ తెలిసిన రకం ఇదే.

తర్వాత ఏం జరిగింది? బయటికి ఏమీ జరగలేదు. ఉద్యోగులు రోజూ వచ్చారు, లాగిన్ అయ్యారు, పని చేసుకున్నారు, ఇంటికెళ్లారు. లోపల మాత్రం కీలాగర్ వాళ్లు కొట్టే యూజర్ నేమ్‌లు, పాస్‌వర్డ్‌లు రాసుకుంటూ పోయింది. సాధారణ ఉద్యోగి కంప్యూటర్ నుంచి అడ్మిన్ స్థాయి దాకా దారి దొరికింది. సెలవు రోజు చూసుకుని చేతివాటం చూపించారు.

అప్పటి పోలీస్ కమిషనర్ సీవీ ఆనంద్ ఈ కేసు వివరాలు చెబుతూ బ్యాంకు భద్రతా లోపాలను కూడా ఎత్తిచూపారు. నెట్‌వర్క్‌ను విడివిడి భాగాలుగా చేయకపోవడం వాటిలో ఒకటి. అంటే ఒక గదిలోకి దూరినవాడికి ఇల్లంతా తెరిచే ఉందన్నమాట. సైబర్ భద్రత నిబంధనలు పాటించలేదంటూ 2023లో రిజర్వ్ బ్యాంక్ ఈ బ్యాంకుపై 65 లక్షల రూపాయల జరిమానా వేసింది.

ఇక్కడ గమనించాల్సింది ఒక్కటే. జనవరిలో డబ్బు పోవడం చివరి అంకం మాత్రమే. అసలు నష్టం ఆ రెండు నెలల్లోనే జరిగిపోయింది. ఆ వ్యవధిలో ఎవరైనా అనుమానించి ఆ కంప్యూటర్ తీగ పీకి ఉంటే కథ వేరేలా ఉండేది.

ఇంతకీ బ్యాక్‌డోర్ అంటే ఏంటి?

తెలుగులో దీనికి అచ్చంగా సరిపోయే మాట ఒకటుంది.. దొడ్డిదారి. ముందు గుమ్మానికి తాళం ఉంటుంది, కాపలా ఉంటుంది. పెరటి వైపు నుంచి ఎవరూ చూడని దారి ఒకటి తెరుచుకుంటే ఆ తాళానికి విలువ లేదు. కంప్యూటర్‌లో ముందు గుమ్మం అంటే మీ పాస్‌వర్డ్, ఓటీపీ, వేలిముద్ర. వీటితో పనిలేకుండా లోపలికి వచ్చిపోయే రహస్య దారిని ఏర్పాటు చేసేదే బ్యాక్‌డోర్ మాల్వేర్.

మిగతా వైరస్‌లకు, దీనికి తేడా ఏంటి? రాన్సమ్‌వేర్ వస్తే వెంటనే తెలుస్తుంది. ఫైళ్లన్నీ లాక్ చేసి, డబ్బులు కడితేనే తెరుస్తానంటుంది. అది దారిదోపిడీ లాంటిది. బ్యాక్‌డోర్ అలా కాదు. అద్దెకు దిగినవాడిలా సైలెంట్‌గా ఉంటుంది. మీకు తెలియకపోవడమే దానికి లాభం. చాలా రాన్సమ్‌వేర్ దాడులకు ముందు కూడా ఇదే జరుగుతుంది. మొదట బ్యాక్‌డోర్ వేసి, లోపల ఏముందో అంతా చూసుకుని, బ్యాకప్‌లు ఎక్కడున్నాయో కనిపెట్టి, ఆ తర్వాతే తాళాలు వేస్తారు.

లోపలికి వచ్చే దారులు ఇవే

ఒకటి.. మెయిల్, వాట్సాప్ అటాచ్‌మెంట్. ఇన్‌వాయిస్, కొరియర్ రసీదు, జీఎస్టీ నోటీసు, ఉద్యోగ ఆఫర్ లెటర్.. పేరు ఏదైనా కావచ్చు. విండోస్ మామూలుగా ఫైల్ పేరు చివరి భాగాన్ని దాచేస్తుంది. దాంతో ‘బిల్లు.పీడీఎఫ్.ఈఎక్స్‌ఈ’ అనే ప్రోగ్రామ్ కూడా చూసేవారికి ‘బిల్లు.పీడీఎఫ్’ లాగే కనిపిస్తుంది. డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకునేది బిల్లు కాదు, దారి.

రెండు.. క్రాక్ సాఫ్ట్‌వేర్. మన ఊళ్లలో డీటీపీ షాపులు, ఫోటో స్టూడియోలు, చిన్న అకౌంటింగ్ ఆఫీసులు, విద్యార్థుల ల్యాప్‌టాప్‌లకు ఇదే పెద్ద గండం. ఫోటోషాప్, వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, విండోస్ యాక్టివేటర్.. డబ్బు కట్టకుండా వాడాలని క్రాక్ డౌన్‌లోడ్ చేస్తారు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మొదటి సూచనే ‘యాంటీవైరస్ ఆఫ్ చేయండి’ అని ఉంటుంది. దొంగే ఫోన్ చేసి కాసేపు వాచ్‌మన్‌ను పక్కకు పంపమని అడగడం లాంటిదిది. చాలామంది మారు మాట్లాడకుండా పంపేస్తారు కూడా.

మూడు.. రిమోట్ యాప్‌లు. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి మాల్వేర్ కాదు. సర్వీస్ ఇంజనీర్లు రోజూ వాడే మంచి టూల్సే. కానీ ‘బ్యాంక్ కేవైసీ’ అనో ‘కస్టమర్ కేర్’ అనో ఫోన్ చేసినవాడి మాట నమ్మి వాటిని ఇన్‌స్టాల్ చేస్తే అవే దొడ్డిదారి అవుతాయి. పైగా అవి చట్టబద్ధమైన సాఫ్ట్‌వేర్ కాబట్టి యాంటీవైరస్ అడ్డుకోకపోవచ్చు.

నాలుగు.. పాత విండోస్. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ముగిసింది. అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో చేరని కంప్యూటర్లలో ఆ తర్వాత బయటపడే లోపాలు అలాగే ఉండిపోతాయి. ‘బాగానే పనిచేస్తోంది కదా, ఎందుకు మార్చాలి’ అనుకునే ఆఫీసులు చాలా ఉన్నాయి. పనిచేయడం వేరు, భద్రంగా ఉండటం వేరు.

ఐదు.. నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌లోనే దూరడం. ఇది అరుదు, కానీ అన్నింటికంటే ప్రమాదం. కంప్యూటర్‌ను శుభ్రం చేయడానికి జనం వాడే సీక్లీనర్ సంగతే చూడండి. 2017లో ఆ కంపెనీ బిల్డ్ వ్యవస్థలోకే దొంగలు దూరి, అధికారిక 5.33 వెర్షన్‌లో బ్యాక్‌డోర్ పెట్టారు. దాదాపు 22.7 లక్షల కంప్యూటర్లలోకి ఆ వెర్షన్ వెళ్లింది. రెండో దశ దాడి మాత్రం దాదాపు 40 కంప్యూటర్లపైనే జరిగింది. అవన్నీ పెద్ద టెక్నాలజీ, టెలికాం కంపెనీలవి. అంటే లక్షల ఇళ్లలో దూరింది నలభై ఇళ్ల కోసమే.

ఫైర్‌వాల్ ఉన్నా ఎందుకు ఆపలేదు?

చాలామందికి వచ్చే సందేహం ఇది. ఫైర్‌వాల్ ఉంది, యాంటీవైరస్ ఉంది, మరి ఎలా దూరింది?

అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ను గుర్తు తెచ్చుకోండి. బయటి నుంచి ఎవరు వచ్చినా పేరు, ఫ్లాట్ నంబర్ అడుగుతాడు. లోపలి నుంచి బయటికి వెళ్లేవాళ్లను మాత్రం ఏమీ అడగడు. ఇళ్లల్లో, చిన్న ఆఫీసుల్లో ఉండే ఫైర్‌వాల్ కూడా దాదాపు అంతే. బయటి నుంచి వచ్చే కనెక్షన్లను ఆపుతుంది, లోపలి నుంచి బయటికి వెళ్లేవాటిని వదిలేస్తుంది. బ్యాక్‌డోర్ సరిగ్గా దీన్నే వాడుకుంటుంది. బయట ఉన్న దొంగ తలుపు తట్టడు. లోపల ఉన్న ప్రోగ్రామే కొన్ని నిమిషాలకోసారి బయటి సర్వర్‌కు ఫోన్ చేసినట్టు పలకరించి ‘ఏం చేయమంటారు?’ అని అడుగుతుంది. మామూలు వెబ్‌సైట్లు వాడే ఎన్‌క్రిప్టెడ్ దారిలోనే మాట్లాడుతుంది కాబట్టి యూట్యూబ్ చూస్తున్నారా, దొంగ సర్వర్‌తో మాట్లాడుతున్నారా అనేది పైపైన చూస్తే తెలియదు.

లోపలికి రాగానే అది చేసే మొదటి పని దోచుకోవడం కాదు, పాతుకుపోవడం. కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తే పోకూడదు కదా! అందుకే మూడు నాలుగు చోట్ల వేళ్లూనుకుంటుంది. స్టార్టప్ జాబితాలో ఒకటి, టాస్క్ షెడ్యూలర్‌లో ఒకటి, విండోస్ సర్వీస్ పేరుతో ఇంకొకటి. పేర్లు కూడా అనుమానం రాకుండా పెడతారు. విండోస్‌లో నిజంగానే ‘ఎస్‌వీసీహోస్ట్’ అనే ప్రోగ్రామ్ ఉంటుంది, సిస్టమ్32 ఫోల్డర్ నుంచి నడుస్తుంది. అదే పేరుతో ఒక ఫైల్ టెంప్ ఫోల్డర్ నుంచో, యాప్‌డేటా ఫోల్డర్ నుంచో నడుస్తోందంటే అది దొంగ వేషమే.

కొన్ని మాల్వేర్‌లు ఇంకో అడుగు ముందుకేస్తాయి. తాము ఉన్న ఫోల్డర్‌ను స్కాన్ చేయొద్దంటూ విండోస్ డిఫెండర్ ‘ఎక్స్‌క్లూజన్స్’ జాబితాలో చేర్చేస్తాయి. ఇక డిఫెండర్ ఎన్నిసార్లు స్కాన్ చేసినా ‘అంతా బాగుంది’ అనే చెబుతుంది. పచ్చ టిక్కు చూసి ఊపిరి పీల్చుకునేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇక కీలాగర్ పాస్‌వర్డ్‌లు రాసుకుంటుంది. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, లాగిన్ కుకీలు కూడా పోతాయి. కుకీ పోతే ప్రమాదం ఎక్కువ. మీరు ఇప్పటికే లాగిన్ అయి ఉన్నారనడానికి అదే గుర్తు. అది చేతికి చిక్కితే కొన్నిచోట్ల పాస్‌వర్డ్, ఓటీపీ లేకుండానే మీ అకౌంట్‌లోకి వెళ్లిపోవచ్చు. వెబ్‌క్యామ్ ఆన్ చేయడం, స్క్రీన్ ఫోటోలు తీయడం, పక్క కంప్యూటర్లలోకి పాకడం.. ఇవన్నీ దాని తర్వాతి పనులు.

అణు విద్యుత్ సంస్థకే తప్పలేదు

ఇది చిన్న ఆఫీసుల సమస్యే అనుకుంటే పొరపాటు. 2019లో తమిళనాడులోని కుడంకుళం అణు విద్యుత్ కేంద్రం పేరు ఇలాంటి వ్యవహారంలోనే మార్మోగింది. డీట్రాక్ అనే మాల్వేర్ కనిపించిందన్న వార్తలు వచ్చాయి. మొదట కొట్టిపారేసినా, తమ సిస్టమ్‌లో మాల్వేర్ దొరికిన మాట నిజమేనని న్యూక్లియర్ పవర్ కార్పొరేషన్ ఆ ఏడాది అక్టోబర్ 30న ఒప్పుకుంది. సెప్టెంబర్ 4నే సెర్ట్-ఇన్ ఈ విషయాన్ని తమ దృష్టికి తెచ్చిందని చెప్పింది.

అది ఇంటర్నెట్‌కు కలిపి ఉన్న, పరిపాలన పనులకు వాడే ఓ ఉద్యోగి కంప్యూటర్. రియాక్టర్‌ను నడిపే వ్యవస్థ దానికి పూర్తిగా వేరుగా ఉంది. అందుకే ప్లాంట్‌కు ఏమీ కాలేదని సంస్థ వివరణ ఇచ్చింది.

ఈ రెండు ఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే అసలు విషయం అర్థమవుతుంది. రెండు చోట్లా బ్యాక్‌డోర్ దూరింది. రెండు చోట్లా మొదట ఓ మామూలు ఉద్యోగి కంప్యూటరే దొరికింది. ఒకచోట మధ్యలో గోడ ఉంది, ఆగిపోయింది. ఇంకోచోట గోడ లేదు, ఖజానా దాకా వెళ్లింది. దొంగ రాకుండా నూటికి నూరు శాతం ఆపడం ఎవరి వల్లా కాదు. వచ్చినవాడు ఎంత దూరం వెళ్లగలడన్నది మాత్రం మన చేతిలోనే ఉంటుంది.

మీ కంప్యూటర్‌లో ఉందా? ఇలా చూడండి

ఒక్క లక్షణంతో ఇదీ అని తేల్చలేం. కానీ కింది వాటిలో రెండు మూడు కలిసి కనిపిస్తే అనుమానించాల్సిందే.

యాంటీవైరస్ తనంతట తానే ఆఫ్ అయి ఉండటం, మళ్లీ ఆన్ చేస్తే ఆన్ కాకపోవడం. ఎక్స్‌క్లూజన్స్ జాబితాలో మీరు పెట్టని ఫోల్డర్ కనిపించడం. మీరు ఏ పనీ చేయకపోయినా ఇంటర్నెట్ డేటా బయటికి పోతుండటం. వెబ్‌క్యామ్ లైట్ కారణం లేకుండా వెలగడం. మౌస్ బాణం దానంతట అదే కదలడం. మీరు పెట్టని కొత్త యూజర్ అకౌంట్ కనిపించడం. మీ మెయిల్‌కు తెలియని ఊరి నుంచి లాగిన్ అలర్ట్ రావడం.

విండోస్‌లోనే చూసుకునే వీలుంది. టాస్క్ మేనేజర్ తెరిచి స్టార్టప్ యాప్స్ చూడండి. తెలియని పేరు ఉంటే దానిపై రైట్ క్లిక్ చేసి ‘ఓపెన్ ఫైల్ లొకేషన్’ నొక్కండి. ఫైల్ ఎక్కడుందో తెలుస్తుంది. రిసోర్స్ మానిటర్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ చూస్తే ఏ ప్రోగ్రామ్ బయట ఎవరితో మాట్లాడుతోందో కనిపిస్తుంది. కాస్త కంప్యూటర్ తెలిసినవాళ్లు మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ‘ఆటోరన్స్’ టూల్ వాడొచ్చు. కంప్యూటర్ ఆన్ కాగానే మొదలయ్యే ప్రోగ్రామ్‌లు, టాస్క్‌లు, సర్వీసులు అన్నీ అందులో ఒకేచోట కనిపిస్తాయి. అలా కనిపించే ప్రతి తెలియని పేరూ మాల్వేర్ కాదు. పేరు నచ్చలేదని విండోస్ ఫైళ్లు తీసేస్తే కంప్యూటరే ఆగిపోతుంది. ముందు నిర్ధారణ, తర్వాతే తొలగింపు.

చిన్న తేడాను కూడా పట్టించుకోవాలనడానికి 2024లో జరిగిన ఘటన మంచి ఉదాహరణ. లైనక్స్ కంప్యూటర్లు వాడే ‘ఎక్స్‌జెడ్ యుటిల్స్’ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లో ఎవరో బ్యాక్‌డోర్ పెట్టారు. అది అన్ని సర్వర్లకూ వెళ్లిపోయి ఉంటే ప్రపంచానికే ముప్పు. మైక్రోసాఫ్ట్ ఇంజనీర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ దాన్ని పట్టుకున్నారు. ఎలా? రిమోట్ లాగిన్‌కు మామూలు కంటే దాదాపు అర సెకను ఎక్కువ పడుతోందని ఆయనకు అనిపించింది. ఎందుకా అని తవ్వుతూ పోతే దొంగ దొరికాడు. ఆ ఏడాది మార్చి 29న ఆయన విషయం బయటపెట్టడంతో పెద్ద ప్రమాదం తప్పింది.

వదిలించుకోవడం ఎలా? వరస తప్పితే మళ్లీ మొదటికే

బ్యాక్‌డోర్ తీసేయడంలో ఏం చేస్తారన్నదానితో పాటు ఏది ముందు, ఏది తర్వాత అన్నది కూడా ముఖ్యం.

మొదటి పని.. ఇంటర్నెట్ కట్. వైఫై ఆఫ్ చేయండి, ల్యాన్ కేబుల్ పీకేయండి. దొంగకు, కంప్యూటర్‌కు మధ్య ఉన్న తీగ తెగితే అతను కొత్త ఆదేశాలు ఇవ్వలేడు. ఆఫీసు కంప్యూటర్ అయితే ఈ దశలో వెంటనే ఫార్మాట్ చేయొద్దు. ఎప్పుడు, ఎలా వచ్చిందో చెప్పే ఆధారాలన్నీ అందులోనే ఉంటాయి. స్క్రీన్ ఫోటోలు తీసి, టైమ్ రాసిపెట్టి ఐటీ బాధ్యుడికి చెప్పండి.

రెండో పని.. వేరే పరికరం నుంచి పాస్‌వర్డ్‌లు మార్చడం. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. అనుమానం రాగానే అదే కంప్యూటర్‌లో కూర్చుని పాస్‌వర్డ్‌లు మార్చేస్తారు. కీలాగర్ ఇంకా లోపలే ఉంటే కొత్త పాస్‌వర్డ్ కూడా దొంగకు చేరిపోతుంది. తాళం మార్చి కొత్త తాళంచెవి అతని చేతికే ఇచ్చినట్టు! అందుకే శుభ్రంగా ఉందని నమ్మకమున్న ఫోన్ నుంచో, మరో కంప్యూటర్ నుంచో మార్చండి. ముందు మెయిల్, తర్వాత బ్యాంక్, ఆ తర్వాత మిగతావి. మెయిల్ ఎందుకు ముందంటే.. మిగతా పాస్‌వర్డ్‌లు రీసెట్ చేసే లింకులన్నీ అక్కడికే వస్తాయి. ప్రతి అకౌంట్‌లో ‘అన్ని పరికరాల నుంచి లాగౌట్’ ఆప్షన్ నొక్కండి. దొంగిలించిన కుకీలు పనికిరాకుండా పోయేది అప్పుడే. టూ స్టెప్ వెరిఫికేషన్ లేకపోతే పెట్టుకోండి. మెయిల్ సెట్టింగ్స్‌లో మీరు పెట్టని ఫార్వర్డింగ్ అడ్రస్ ఉందేమో కూడా చూడండి. పాస్‌వర్డ్ మారినా ఆ దారి తెరిచే ఉంటుంది.

మూడో పని.. ఆఫ్‌లైన్ స్కాన్. విండోస్ నడుస్తుండగా స్కాన్ చేస్తే మాల్వేర్ దాక్కునే అవకాశం ఉంది. అందుకే విండోస్ సెక్యూరిటీలో ‘వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్’కు వెళ్లి, ‘స్కాన్ ఆప్షన్స్’లో ‘డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్’ ఎంచుకోండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా మొదలవకముందే వెతుకుతుంది. పావుగంట అటూఇటూ పడుతుంది. అంతకుముందే ఎక్స్‌క్లూజన్స్ జాబితా ఖాళీ చేయడం, ‘ట్యాంపర్ ప్రొటెక్షన్’ ఆన్‌లో పెట్టడం మర్చిపోవద్దు.

నాలుగో పని.. రెండో అభిప్రాయం. ఒక డాక్టర్ చెప్పింది ఇంకొకరితో సరిచూసుకున్నట్టే మరో టూల్‌తోనూ స్కాన్ చేయండి. మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ ఉచితం. డౌన్‌లోడ్ చేసిన పది రోజుల వరకే పనిచేస్తుంది కాబట్టి వాడే ముందు కొత్తది తీసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ నడిపే ‘సైబర్ స్వచ్ఛతా కేంద్రం’ వెబ్‌సైట్‌లో కూడా ఉచిత తొలగింపు టూల్స్ ఉంటాయి. గూగుల్‌లో వెతికితే పైన ప్రకటనల్లో వచ్చే ‘వైరస్ రిమూవర్’లను మాత్రం ముట్టుకోవద్దు. వాటిలో కొన్ని రోగం తెచ్చే మందులే.

ఐదో పని.. వేర్లు తీయడం. స్టార్టప్, టాస్క్ షెడ్యూలర్, సర్వీసులు, ఇన్‌స్టాల్ అయిన యాప్‌లు, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు, యూజర్ అకౌంట్లు.. ఆరూ చూడాలి. అవసరం లేని రిమోట్ యాప్‌లు తీసేయండి. సెట్టింగ్స్‌లో రిమోట్ డెస్క్‌టాప్ ఆన్‌లో ఉంటే, వాడకపోతే ఆఫ్ చేయండి.

ఆరో పని.. విండోస్ మళ్లీ వేయడం. ఇది చాలామందికి ఇష్టం లేని పని. కానీ బ్యాంకింగ్, ట్యాక్స్, కస్టమర్ల వివరాలు ఉన్న కంప్యూటర్ అయితే ఇదే సరైన దారి. కారణం ఒక్కటే. స్కానర్ దొరికినదాన్ని తీసేస్తుంది, దొరకనిదాని గురించి చెప్పలేదు. దొంగ నెలల తరబడి లోపల ఉంటే ఒక్క దారితో సరిపెట్టుకుంటాడన్న నమ్మకం లేదు. ఒక బ్యాక్‌డోర్ దొరికిందంటే రెండోది ఉండొచ్చు.

డాక్యుమెంట్లు, ఫోటోలు మాత్రమే బ్యాకప్ తీసుకోండి. సెటప్ ఫైళ్లు, క్రాక్‌లు, మ్యాక్రోలున్న ఎక్సెల్ షీట్లు వద్దు. మరో శుభ్రమైన కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్ తయారు చేసుకుని, పాత డ్రైవ్ పూర్తిగా తుడిచి ఇన్‌స్టాల్ చేయండి. అది కుదరకపోతే ‘రీసెట్ దిస్ పీసీ’లో ‘రిమూవ్ ఎవ్రీథింగ్’, ‘క్లౌడ్ డౌన్‌లోడ్’ ఎంచుకోండి. ‘కీప్ మై ఫైల్స్’ ఎంచుకుంటే ఫైళ్లతో పాటు దొంగ కూడా మిగలొచ్చు.

మదర్‌బోర్డు చిప్‌లోనే దాక్కుని విండోస్ మళ్లీ వేసినా పోని మాల్వేర్ కూడా ఉంది. 2018లో బయటపడిన లోజాక్స్ అలాంటిదే. కానీ అవి ప్రభుత్వాలు, పెద్ద సంస్థలపై గురిపెట్టేవి. మామూలు ఇంటి కంప్యూటర్‌కు ఆ భయం దాదాపు అక్కర్లేదు.

చిన్న ఆఫీసులకు పెద్ద పాఠం

మహేశ్ బ్యాంక్ కేసులో ఉద్యోగులు క్లిక్ చేయడమే తప్పు అని తేల్చేయడం తేలిక. కానీ 200 మెయిళ్లు వస్తే ఇద్దరు క్లిక్ చేశారు. ఏ ఆఫీసులోనైనా నూటికి ఒకరు పొరపాటు చేస్తారు. ఆ ఒక్క పొరపాటుకే ఖజానా ఖాళీ అయ్యేలా వ్యవస్థ ఉండటం ఉద్యోగి తప్పు కాదు.

సహకార సంఘాలు, చిట్‌ఫండ్ ఆఫీసులు, ఆడిటర్లు, ఆసుపత్రులు, స్కూళ్లు.. కంప్యూటర్ మీద డబ్బు నడిపే ప్రతి చోటా కొన్ని పనులు పెద్దగా ఖర్చు లేకుండానే చేసుకోవచ్చు. బ్యాంక్ లావాదేవీలకు ఒక కంప్యూటర్ విడిగా పెట్టాలి. అందులో మెయిల్, వాట్సాప్, పెన్‌డ్రైవ్ ఉండకూడదు. రోజువారీ పనికి అడ్మిన్ అకౌంట్ వాడకూడదు. సాధారణ యూజర్ అకౌంట్‌తో పనిచేస్తే మాల్వేర్‌కు కూడా ఆ కాసింత అధికారమే దొరుకుతుంది. ఇద్దరికి ఒకే పాస్‌వర్డ్ ఉండకూడదు. పెద్ద మొత్తం పంపాలంటే ఒకరు ఎంటర్ చేయాలి, మరొకరు వేరే కంప్యూటర్ నుంచి ఆమోదించాలి. బ్యాకప్ ఒకటి నెట్‌వర్క్‌కు కలపకుండా బయట ఉంచాలి. సెలవు రోజుల్లో అలర్ట్‌లు ఎవరో ఒకరి ఫోన్‌కు వెళ్లాలి. దొంగలు ఆదివారాన్ని ఊరికే ఎంచుకోరు.

ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

డబ్బు పోయిందని తెలిస్తే ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా 1930కి కాల్ చేయండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఖాతాలు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. మహేశ్ బ్యాంక్ డబ్బు ఎన్ని ఖాతాలు మారి ఏటీఎంలకు చేరిందో చూశాం కదా! డబ్బు పోకపోయినా బ్యాంక్‌కు ఫోన్ చేసి నెట్ బ్యాంకింగ్ తాత్కాలికంగా ఆపించడం మంచిది. కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు ఇలాంటి ఘటనలు తెలిసిన ఆరు గంటల్లోపు సెర్ట్-ఇన్‌కు చెప్పాలని 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఆదేశాలు చెబుతున్నాయి. ఇతరుల కంప్యూటర్లలోకి ఇలా దూరడం ఐటీ చట్టం సెక్షన్ 66 కింద నేరం. మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా పడొచ్చు.

చివరిగా ఒక్క మాట. ఇవాళే మీ కంప్యూటర్‌లో మూడు పనులు చేయండి. డిఫెండర్ ఎక్స్‌క్లూజన్స్ జాబితా చూడండి. స్టార్టప్ యాప్స్ చూడండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ‘వ్యూ’ మెనూలో ఫైల్ పేర్ల చివరి భాగం కనిపించే ఆప్షన్ ఆన్ చేయండి. మొత్తం కలిపి ఐదు నిమిషాల పని. హైదరాబాద్ కేసులో దొంగలకు దొరికింది రెండు నెలలు. మీ దగ్గర అంత టైమ్ వాళ్లకు దొరకనివ్వొద్దు.